ప్రింటర్ పాడైందనుకునే ముందు ఒక జిరాక్స్ తీసి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మా లైను వాళ్లకీ, బెజవాడలో ఉన్న చుట్టాలకీ ఇంట్లో ప్రింటర్ మొరాయిస్తే ముందు నాకే ఫోన్ వస్తుంది. చాలా ఏళ్లుగా ఈ ఫోన్లు ఎత్తుతున్నాను కాబట్టి వాటికీ కాలాలున్నాయని తెలిసింది. జూన్‌లో ఒక దఫా. పరీక్షలైపోయాక మూలకు నెట్టిన ప్రింటర్‌ను అడ్మిషన్ల కాగితాల కోసం అప్పుడే బయటికి తీస్తారు. "నలుపు అసలు పడట్లేదండీ", "అక్షరాల మధ్య తెల్ల గీతలొస్తున్నాయి". ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రెండో దఫా. అప్పుడు ఇంకు మాట ఎవరూ ఎత్తరు. "రెండేసి కాగితాలు లాగేస్తోంది", "మాటిమాటికీ ఇరుక్కుంటోంది" అంటారు. ఇక కరెంటు పోయి వచ్చిన సాయంత్రాల్లో ఏడాది పొడుగునా వినపడేది ఒకటే మాట: "ఆఫ్‌లైన్ అంటోంది అన్నయ్యా, తీగలన్నీ బానే ఉన్నాయి."

ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని జబ్బులు. కానీ నాకు ఫోన్ చేసేసరికి చాలామంది మూడింటికీ అదే వైద్యం చేసేసి ఉంటారు. నాలుగుసార్లు హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే హెడ్‌ను కడిగే మెనూ బటన్) కొట్టి, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించి, ప్రింటర్ మీద రెండు దెబ్బలు కూడా వేసి ఉంటారు. తేమ పట్టిన కాగితానికి హెడ్ క్లీనింగ్ ఏం చేస్తుంది? ఎండిపోయిన ఇంకును సాఫ్ట్‌వేర్ ఎలా కరిగిస్తుంది? బాగుచేసే ప్రయత్నంలోనే కొత్త ఇబ్బంది తెచ్చుకున్నవాళ్లను నేను ఎక్కువగా చూశాను.

పైకి ఒక డబ్బాలా కనిపించినా ప్రింటర్ లోపల జరిగేవి మూడు పనులు. ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో కబురు అందాలి. కాగితం దారి తప్పకుండా నడవాలి. రంగు కాగితానికి అంటాలి. ఏ పని ఆగిందో తేల్చుకోకుండా చెయ్యి పెట్టకూడదు. తేల్చడానికి అరనిమిషం చాలు. పైన స్కానర్ అద్దం ఉన్న ప్రింటర్ అయితే ఫోన్, కంప్యూటర్ అన్నీ పక్కన పెట్టి, అద్దం మీద ఏదో ఒక కాగితం ఉంచి కాపీ బటన్ నొక్కండి. జిరాక్స్ శుభ్రంగా వచ్చిందా, ప్రింటర్‌కు ఏ రోగమూ లేదు, కబురు దారిలోనే తేడా ఉంది. కాగితం కదల్లేదా, ఇరుక్కుందా, అది కాగితం దారి గొడవ. కాగితం చక్కగా వచ్చి, దాని మీద అక్షరాలు గీతలు పడ్డాయా, అప్పుడు ఇంకు సంగతి చూడాలి. ఒక్కోసారి గీత స్కానర్ అద్దం మీది మరక వల్ల కూడా పడుతుంది. అందుకే ఆఖరి సందర్భంలో మెనూలో ఉండే నాజిల్ చెక్ కూడా తీయాలి. అది స్కానర్‌తో పని లేకుండా ప్రింటర్ తన లోపలి నుంచే వేసే నమూనా. అందులో గీతలు తెగకుండా ఉంటే అద్దం తుడిస్తే సరిపోతుంది.

ఎండిపోయే ఇంకు

ముందు ఇంకు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఇంకును చుక్కలుగా చిమ్మే ఇంక్‌జెట్ ప్రింటర్ హెడ్‌లో ఉండే నాజిల్ రంధ్రం మన తల వెంట్రుక మందంలో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. దాన్నుంచి రాలే చుక్కను పీకోలీటర్లలో కొలుస్తారు. పీకోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. అంత సన్నటి రంధ్రం మూతి దగ్గర నీరు కాస్త ఆవిరైతే చాలు, మిగిలిన రంగు బిరడాలా బిగుసుకుంటుంది. చాలా ఇంక్‌జెట్ల మాన్యువల్‌లో 35 డిగ్రీల దాకా వాడొచ్చని రాసి ఉంటుంది. మే నెలలో బెజవాడలోనూ గుంటూరులోనూ బయట 42, 43 డిగ్రీలు మామూలు. రేకుల షెడ్డులోనో, పడమటి ఎండ తగిలే గదిలోనో పెట్టిన ప్రింటర్ ఆరేడు వారాలు కదలకుండా ఉంటే జూన్‌లో నలుపు రాకపోవడం వింత కాదు.

ఈ ఎండిపోవడాన్ని అడ్డుకోవడానికి తయారీదారులు లోపల ఒక చిన్న ఏర్పాటు చేశారు. పని లేనప్పుడు హెడ్ ఒక చివరకు వెళ్లి మెత్తటి రబ్బరు టోపీ మీద కూర్చుంటుంది. ప్రింటర్ మీది పవర్ బటన్ నొక్కి ఆపితే, హెడ్‌ను టోపీ మీద సరిగ్గా కూర్చోబెట్టాకే అది నిద్రపోతుంది. ఆ కిర్రుకిర్రు చప్పుడు అదే. మనవాళ్లకు గోడ స్విచ్ తీసేయడం అలవాటు. పని మధ్యలోనో, పని అయిన వెంటనేనో అలా తీసేస్తే హెడ్ నోరు తెరుచుకునే ఉండిపోతుంది. కరెంటు పోయినప్పుడూ ఇంతే. అందుకే కరెంటు రాగానే ప్రింటర్‌ను ఒకసారి ఆన్ చేసి, అది సర్దుకున్నాక బటన్‌తో ఆపమని అందరికీ చెబుతాను. మా లైనులో ఇద్దరు ముగ్గురు ఈ ఒక్క అలవాటు మార్చుకున్నాక జూన్ ఫోన్లు మానేశారు.

రెండో అలవాటు వారానికో కాగితం. నాలుగు రంగులూ ఉన్న ఏదైనా బొమ్మ, అరపేజీ చాలు. పిల్లలున్న ఇంట్లో అయితే ఆదివారం వాళ్లకు రంగుల బొమ్మ ఒకటి వేసిస్తే పని జరిగిపోతుంది.

మూసుకుపోయాక ఏం చేయాలి? హెడ్ క్లీనింగ్ చేయాలి, కానీ ఓపికగా. ఒకసారి చేసి నాజిల్ చెక్ తీయండి. ఇంకోసారి చేసి మళ్లీ తీయండి. రెండు నమూనాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తెగిన గీతలు రెండింట్లోనూ అదే చోట ఉంటే ఆ రంధ్రాలు నిజంగా మూసుకుపోయాయి. ఒకసారి ఒకచోట, మరోసారి మరోచోట తెగుతుంటే లోపల గాలి చేరింది, లేదా ఇంకు సరిగా అందట్లేదు. గాలికి క్లీనింగ్ మీద క్లీనింగ్ కొడితే ముదురుతుంది తప్ప తగ్గదు. రెండు సందర్భాల్లోనూ మూడోసారికి చెయ్యి ఆపి, ప్రింటర్‌ను రాత్రంతా వదిలేయండి. తడిసిన ఇంకు ఆ గంటల్లో గడ్డను నానబెడుతుంది, గాలి బుడగలు పైకి తేలుతాయి. పొద్దున్నే ఇంకొక్కసారి క్లీనింగ్ చేస్తే రాత్రి రాని గీతలు రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

చెయ్యి ఆపమనడానికి మరో కారణం ఉంది. క్లీనింగ్ అంటే ఇంకును బలంగా లాగి బయటికి పారబోయడమే. ఆ ఇంకు ప్రింటర్ అడుగున ఉండే దూది దిండు లాంటి ప్యాడ్‌లోకి పోతుంది. ఎంత పోయిందో ప్రింటర్ లెక్క రాసుకుంటుంది. చాలా మోడళ్లలో ప్యాడ్‌ను తాకి చూసే సెన్సర్ ఉండదు, అంతా లెక్కే. ఆ లెక్క నిండిన రోజున ప్రింటర్ పని మానేసి ఎర్ర లైట్లు వెలిగిస్తుంది. "నిన్నటిదాకా బంగారంలా ఉంది, ఉన్నట్టుండి చచ్చిపోయింది" అని వచ్చే ఫోన్లలో కొన్ని ఇవే. ప్రింటర్ చావలేదు, ప్యాడ్ మార్చి లెక్క సున్నా చేయాలి. ఇంటర్నెట్‌లో దొరికే రీసెట్ సాఫ్ట్‌వేర్‌తో ప్యాడ్ మార్చకుండా లెక్క మాత్రమే చెరిపేసేవాళ్లున్నారు. కొన్నాళ్లకు అడుగు నుంచి ఇంకు కారి బల్ల పాడవుతుంది. కొత్త మోడళ్లు కొన్నింటిలో ఈ ప్యాడ్ మనమే తీసి మార్చుకునే డబ్బాలా వస్తోంది. కొనేటప్పుడు ఈ సంగతి అడగడం, రంగు, ధర అడగడం కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

హెడ్‌లలోనూ రెండు జాతులున్నాయి. హెచ్‌పీ, కానన్ ఇంటి ప్రింటర్లలో ఎక్కువగా ఉండేది వేడితో పనిచేసేది. 1977లో కానన్ పరిశోధనశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలి ఇంకు చిమ్మిందట, ఆ ఆలోచన అక్కడ పుట్టింది. రంధ్రం వెనక చిన్న హీటరు క్షణంలో లక్షోవంతులో వేడెక్కి బుడగ పుట్టిస్తుంది, బుడగ చుక్కను తోస్తుంది. ఎప్సన్‌ది ఇంకో పద్ధతి: కరెంటు ఇస్తే వంగే స్ఫటికం చుక్కను నొక్కి పంపుతుంది, వేడి ఉండదు. మనకు దీనివల్ల తేడా రెండు చోట్ల. వేడి హెడ్‌ను చల్లబరిచేది దాని గుండా పారే ఇంకే, కాబట్టి ఇంకు అయిపోయాక కూడా లాగిస్తే హెడ్ కాలిపోతుంది. రెండోది ధర. చిన్న కాట్రిడ్జి (ఇంకు నింపిన డబ్బా) ప్రింటర్లలో చాలావాటికి హెడ్ కాట్రిడ్జితోనే వస్తుంది, పాడైతే కొత్త కాట్రిడ్జి పెడితే హెడ్ కూడా కొత్తదే. సీసాతో ఇంకు పోసే ఎప్సన్ ట్యాంకు ప్రింటర్‌లో హెడ్ యంత్రంలోనే బిగించి ఉంటుంది. అది పోతే బిల్లు ప్రింటర్ ధరలో సగం దాకా పోవచ్చు.

అందుకే బయటి ఇంకు పోయొచ్చా అని అడిగినప్పుడు నా జవాబు ఒకటే ఉండదు. హెడ్ కాట్రిడ్జితో వచ్చే రకమైతే పోసి చూడండి, పోయేది కాట్రిడ్జి ఒక్కటే. బిగించిన హెడ్ అయితే ఆ వందల రూపాయల ఆదా వద్దు. ఇంకులోనూ నీళ్లలో కరిగే డై, సన్నటి రేణువులుగా తేలే పిగ్మెంటు అని రెండున్నాయి. ఒకదాని కోసం చేసిన హెడ్‌లో రెండోది పోస్తే మూసుకుపోవడానికి ఎంతో కాలం పట్టదు. మీ ప్రింటర్‌లో నలుపు ఏ రకమో తెలియాలంటే, నిన్న తీసిన ప్రింటు మీద తడి వేలు రాయండి. మరక సాగితే డై. అలాంటి ప్రింటర్‌లో తీసిన హాల్‌టికెట్‌ను చెమట చేత్తో పట్టుకుని పరీక్షకు పోయే పిల్లలకు ప్లాస్టిక్ కవరు ఇచ్చి పంపండి.

ఇల్లు మారేవాళ్లకు ఒక మాట. ట్యాంకు ప్రింటర్‌ను ఆటోలో పక్కకు పడేసి, తలకిందులుగా తీసుకెళ్లకండి. ఇంకు గొట్టాల్లోకి గాలి పోతుంది, ఇంకు పోకూడని చోటికి పారుతుంది. పాత మోడళ్లలో రవాణా కోసం ఇంకును ఆపే తాళం ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పి, నిటారుగా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాలి.

వానాకాలం కాగితం

కాగితం తేమను గాలి నుంచి పీల్చుకుంటుంది. కృష్ణ పక్కనున్న ఊళ్లలో, సముద్రం దూరం లేని జిల్లాల్లో ఆగస్టు గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ట్రేలో రోజుల తరబడి తెరిచి పెట్టిన కాగితాలు అంచులు వంగి, ఒకదానికొకటి అతుక్కుని రెండేసి లోపలికి పోతాయి. లేజర్ ప్రింటర్‌లో అయితే అదే తేమ లోపలి వేడికి ఆవిరై కాగితం చుట్టుకుపోతుంది. ప్యాకెట్ కవరు తేమ చొరని లోపలి పొరతో వచ్చేది ఇందుకే. కావలసిన ఇరవై కాగితాలు తీసుకుని కవరు మళ్లీ మడిచి, బీరువాలో పడుకోబెట్టండి. ట్రేలో పెట్టేముందు కట్టను పేక ముక్కల్లా విదిలిస్తే అంటుకున్నవి విడిపోతాయి.

కాగితం మందం జీఎస్‌ఎంలో చెబుతారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్లకు 297, దాదాపు చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి 80 జీఎస్‌ఎం కాగితం ఒక్కోటి 5 గ్రాములు, 500 కాగితాల ప్యాకెట్ రెండున్నర కిలోలు తూగాలి. మరీ తేలిగ్గా తూగితే కట్ట మీద రాసిన అంకెను నమ్మకండి. ఇంటి ప్రింటర్ నలిపే కాగితాల్లో చాలా వరకు 60 జీఎస్‌ఎం లాంటి పలచనివే.

కాగితం కొత్తదైనా ప్రింటర్ లాగకపోతే తప్పు రబ్బరు రోలర్లది. ఏళ్ల తరబడి కాగితపు పొట్టు పట్టి అవి అద్దంలా నున్నగా మెరుస్తుంటాయి, పట్టు ఉండదు. ప్లగ్గు తీసి, పీచు రాలని గుడ్డను నీళ్లలో తడిపి గట్టిగా పిండి, రోలర్‌ను చేత్తో తిప్పుతూ తుడవండి. నీళ్లు చాలు, పెట్రోలు, థిన్నరు లాంటివి రబ్బరును పాడుచేస్తాయి.

కాగితం ఇరుక్కుంటే, ముందు పవర్ తీసి, అది నడిచే దిశలోనే రెండు చేతులతో నెమ్మదిగా లాగాలి. వెనక్కి లాగితే చిరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. అన్నీ తీసేసినా "జామ్" అనే అంటుంటే, టార్చి వేసి సెన్సర్ మీట దగ్గర గోరంత ముక్క ఉందేమో వెతకండి. వెనక నుంచి కాగితం పెట్టే ప్రింటర్లయితే నోరు పైకి తెరుచుకుని ఉంటాయి. జడపిన్నులు, పెన్సిలు ముక్కలు, ఒకసారి బొమ్మ కారు టైరు, ఇవన్నీ నేను తీసినవే. పని లేనప్పుడు మీద ఒక గుడ్డ కప్పండి.

కబురు అందకపోతే

జిరాక్స్ బాగా వచ్చి, ఫోన్ నుంచి మాత్రం రాకపోతే కారణాలు ఎక్కువ ఉండవు. మన ఊళ్లలో మొదటిది కరెంటుతో ముడిపడి ఉంది. ఇంట్లో రూటరు ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రసు ఇస్తుంది. కరెంటు పోయి రూటరు మళ్లీ లేచినప్పుడు అడ్రసులు మారిపోవచ్చు. కంప్యూటర్ మాత్రం ప్రింటర్‌ను పాత అడ్రసులోనే వెతుకుతుంది, ఎవరూ పలకరు, "ఆఫ్‌లైన్" అని తేల్చేస్తుంది. ఇల్లు మారినవాళ్లకు పాత అడ్రసుకు ఉత్తరం రాసినట్టే. ప్రింటర్‌ను ఒకసారి తీసేసి మళ్లీ చేరిస్తే అప్పటికి పని జరుగుతుంది. రూటరు సెట్టింగ్‌లలోకి పోయి ప్రింటర్‌కు ఎప్పుడూ అదే అడ్రసు ఇమ్మని రాసిపెడితే ఈ గొడవ మళ్లీ రాదు. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడిని అడిగితే ఐదు నిమిషాల్లో చేస్తాడు.

రూటరు మార్చాక ప్రింటర్‌కు వైఫై కనిపించకపోతే, చాలా ఇంటి ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసని గుర్తుంచుకోండి. కొత్త రూటర్లో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి, ప్రింటర్‌ను మొదటిదానికి కలపాలి.

ఒకే ప్రింటు వరుసలో ఇరుక్కుని వెనకవన్నీ ఆగిపోవడం ఇంకో రకం. విండోస్‌లో సర్వీసెస్ జాబితాలో, ఈ వరుసను నడిపే ప్రింట్ స్పూలర్‌ను ఆపి, సిస్టమ్32లో స్పూల్ కింద ఉన్న ప్రింటర్స్ ఫోల్డర్‌లోవన్నీ తుడిచేసి, స్పూలర్‌ను మళ్లీ మొదలుపెడితే వరుస ఖాళీ అవుతుంది. ఇక ఆధార్ కాగితం అడుగు భాగం తెగిపోయి వస్తే ప్రింటర్‌ను తిట్టకండి. సెట్టింగ్‌లో కాగితం లెటర్ అని ఉంటుంది. అది అమెరికా కొలత, మన ఏ4 కన్నా 18 మిల్లీమీటర్లు పొట్టి.

లేజర్ గురించి కొద్దిగా

1938 అక్టోబరు 22న అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన పలకతో, పొడి చల్లి మొదటి నకలు తీశాడు. ఆ పద్ధతికి తర్వాత గ్రీకులో "తడి లేని రాత" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు, మనం నోరారా అనే జిరాక్స్ అందులోంచే వచ్చింది. లేజర్ ప్రింటర్ ఆ వంశానిదే. టోనర్ అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి, దాన్ని రెండు వందల డిగ్రీల దగ్గర కరిగించి కాగితానికి అంటిస్తారు. పొడికి ఎండిపోయే భయం లేదు. ఏడాదికి రెండుసార్లు, అదీ నలుపులోనే ప్రింటు తీసే ఇంటికి చిన్న లేజరే మేలని అందరికీ చెబుతున్నాను. అదీ వద్దనుకుంటే వీధి చివరి జిరాక్స్ షాపుకు పోవడంలో తప్పేం లేదు.

లేజర్‌లో గీత నిలువుగా వస్తుంది, ఇంక్‌జెట్‌లో నాజిల్ మూసుకుపోతే అడ్డంగా వస్తుంది. మచ్చ పేజీ మీద సమాన దూరాల్లో మళ్లీ మళ్లీ పడుతుంటే స్కేలు పెట్టి కొలవండి. చిన్న లేజర్లలో చాలావాటికి డ్రమ్ (పొడిని కాగితం మీదికి చేర్చే గుండ్రటి రోలర్) వ్యాసం 24 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 75. మచ్చల మధ్య దూరం అంతే ఉంటే డ్రమ్ మీద గీటు పడిందని అర్థం, కాట్రిడ్జి మార్చడమే. టోనర్ పొడి ఒలికితే పొడి గుడ్డతో ఎత్తండి, బట్టల మీద పడితే చల్లటి నీళ్లే వాడండి, వేడి నీళ్లకు అది పట్టేస్తుంది. లేజర్‌ను ఇంటి ఇన్వర్టర్‌కు తగిలించకండి, కాగితం వేడిచేసే క్షణంలో అది లాగే కరెంటుకు ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి.

2024 సెప్టెంబరు 1న బెజవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ల ఇల్లు మునిగింది. పిన్ని కొడుకు ఇంటి దగ్గరే అప్లికేషన్లు నింపి, ప్రింట్లు తీసి ఇచ్చి బతుకుతున్నాడు. రోజుల తరబడి నీళ్లలో ఉన్న రెండు ప్రింటర్లు బల్ల మీద ఆరబెట్టి, "ఆన్ చేసి చూడనా అన్నయ్యా" అని ఫోన్‌లో అడిగాడు. వద్దన్నాను. పైన తడి ఆరినా లోపల పవర్ బోర్డు మీద బురద ఉంటుంది, ప్లగ్గు పెడితే షాక్ కొట్టొచ్చు, అంటుకోవచ్చు. వెళ్లి విప్పి చూస్తే పళ్లచక్రాల్లో, హెడ్ నడిచే కడ్డీ మీద, హెడ్‌కు దారి చూపే సన్నగీతల ప్లాస్టిక్ పట్టీ మీద ఒండ్రు గట్టిపడి ఉంది. రెండూ పనికిరావని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో ప్రింటర్లూ కాట్రిడ్జిలూ ఉన్నాయి, చెత్త బండిలో వేయకుండా ఆ వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇమ్మన్నాను. అటక మీద నీళ్లు అందని చోట సీలు తీయని ఇంకు సీసాలు నాలుగు దొరికాయి. తర్వాత నెలలో అదే ఇంకు పట్టే మోడల్ వెతికి కొన్నాడు, ఈసారి దాన్ని మేడ మీద గదిలో పెట్టాడు.